బీరువాలో దొరికిన మినోల్టా 7000: రీలు కొనే ముందు చేయాల్సిన పనులు

"అన్నా, నాన్నగారి బీరువాలో పాత కెమెరా దొరికింది. మినోల్టా మాక్సమ్ 7000 అని ఉంది. సెల్లు వేస్తే ఆన్ అయింది. ఏ రీలు కొనమంటారు?"

ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. అమెరికా నుంచి పెద్దమామయ్య తెచ్చాడనో, దుబాయ్ నుంచి బాబాయి తెచ్చాడనో కథ కాస్త మారుతుందంతే. నేను చెప్పే జవాబు మాత్రం మారదు: ఇప్పుడే రీలు కొనకండి. రీలు ధర, కడిగించడం, స్కానింగ్, కొరియరు అన్నీ కలిస్తే చేతి చమురు బాగానే వదులుతుంది. అదంతా పెట్టాక ముప్పై ఆరు ఖాళీ ఫ్రేములు చేతికొస్తే పాపం కెమెరా మళ్ళీ బీరువా ఎక్కుతుంది. రీలు లేకుండానే, గంటలోపు, ఈ కెమెరాలో తొంభై పాళ్ళు ఇంట్లోనే పరీక్షించవచ్చు.

ముందు ఒక్క మాట. ఈ కెమెరా 1985లో వచ్చింది. ఫోకస్ మోటారును బాడీలోనే పెట్టి, జనం నిజంగా ఎగబడి కొన్న తొలి ఆటోఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్ (లెన్సులోంచే చూసి ఫోటో తీసే కెమెరా) ఇదే. అమెరికాలో అమ్మినదాని మీద మాక్సమ్ 7000 అనీ, యూరప్‌లో అమ్మినదాని మీద 7000 ఏఎఫ్ అనీ, జపాన్‌లో అమ్మినదాని మీద ఆల్ఫా 7000 అనీ ఉంటుంది. కెమెరా ఒకటే. మాక్సమ్ పేరులోని రెండు ఎక్స్‌లు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటే మీది తొలి విడత కెమెరా. అది తమ గుర్తులా ఉందని ఎక్సాన్ చమురు కంపెనీ అభ్యంతరం చెప్పాక ఆ రాత మార్చారు. దానివల్ల కెమెరా పనితీరుకు వచ్చిన లాభం లేదు గానీ, చూసి మురిసిపోవచ్చు.

ఇది చేతికొచ్చిన ప్రతివాళ్ళూ "ఆటోఫోకస్ పోయి ఉంటుందేమో" అని భయపడతారు. నేను చూసినంతలో ఆటోఫోకస్ మొండిది, అంత సులువుగా పోదు. పోయేది అపర్చర్, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే భాగం. అందుకే ఐదో అంచె దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను. మీరూ ఆగండి.

కావలసినవి

- కొత్త ఆల్కలైన్ సెల్లు నాలుగు. మామూలు గ్రిప్ అయితే టీవీ రిమోట్‌లో వేసే సన్నవి (ఏఏఏ). విడిగా అమ్మిన లావు గ్రిప్ బిగించి ఉంటే గోడ గడియారం సెల్లు (ఏఏ).
- చిన్న టార్చి. ఫోన్‌ది సరిపోతుంది.
- దూది చుట్టిన పుల్లలు, కాస్త నిమ్మరసం లేదా వెనిగర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- స్లో మోషన్ వీడియో తీయగల ఫోను.
- కొలత టేపు, ఒక నోటు పుస్తకం.
- పరీక్షలన్నీ అయ్యాక ఒక మామూలు 200 లేదా 400 ఐఎస్‌ఓ కలర్ రీలు (ఐఎస్‌ఓ అంటే రీలుకు వెలుగు ఎంత త్వరగా పడుతుందో చెప్పే అంకె).

రీఛార్జబుల్ సెల్లతో పరీక్ష మొదలుపెట్టకండి. వాటి వోల్టేజి 1.2 మాత్రమే కాబట్టి, బాగున్న కెమెరా కూడా సెల్లు అయిపోయాయని నీరసంగా చెబుతుంది. మీరేమో కెమెరానే అనుమానిస్తారు.

1. సెల్లు గది చూడండి

మీ కుడి చేయి పట్టుకునే గ్రిప్పే సెల్లు గది. దాని స్క్రూను రూపాయి బిళ్ళతో విప్పితే గ్రిప్ మొత్తం ఊడి వస్తుంది. లోపల తెల్లటి పొడి గానీ ఆకుపచ్చ చిలుము గానీ ఉంటే, పాత సెల్లు కారాయన్నమాట. నిమ్మరసంలో ముంచి పిండిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. చుక్కలు చుక్కలుగా పోయకండి, అవి కెమెరా లోపలికి దిగుతాయి.

తిరిగి బిగించేటప్పుడు బలం చూపించకండి. ఇన్నేళ్ళ ప్లాస్టిక్ కదా, ఈ గ్రిప్‌లు స్క్రూ దగ్గరే పగులుతాయి. సన్నటి పగులు ఇప్పటికే ఉంటే ఆందోళన వద్దు, సెల్లు గట్టిగా ఆనుతున్నాయా లేదా అన్నదే ముఖ్యం. కెమెరా ఊపితే డిస్‌ప్లే ఆరిపోతుందంటే ఆనడం లేదని అర్థం.

2. లెన్సులోకి టార్చి వేయండి

లెన్సు ఊడదీసి, వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో తోలు కేసులో మూసిపెట్టిన లెన్సుల్లో మూడొంతుల వాటికి ఇదే గతి. అంచున రెండు మూడు దారాలుంటే ఫోటోలో తెలియదు. మధ్యలో మేఘంలా అలుముకుని ఉంటే మాత్రం ఆ లెన్సు మీద ఆశ వదులుకుని, 50 ఎంఎం ఎఫ్/1.7 లాంటిది పాతది వెతుక్కోండి. దుమ్ము రేణువులను పట్టించుకోనే వద్దు.

ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటుంది. "మినోల్టా లెన్సు" అని రాసి ఉంటే చాలదు. పాత చేతి ఫోకస్ కెమెరాల ఎండీ, ఎంసీ లెన్సులు దీనికి ఎక్కవు, దీని లెన్సులు వాటికి ఎక్కవు. కావలసింది ఏ-మౌంట్, అంటే ఈ కెమెరాతో మొదలైన లెన్సు బిగింపు. మినోల్టా వారసులు 2006లో కెమెరాల వ్యాపారం మానేసి సోనీకి అప్పగించారు కాబట్టి సోనీ ఏ-మౌంట్ లెన్సులు కూడా ఎక్కుతాయి. కానీ రెండు తిరకాసులున్నాయి. సోనీ డీటీ అని ఉన్నవి డిజిటల్ కెమెరాల చిన్న సెన్సారు కోసం చేసినవి, మూలలు నల్లబడతాయి. ఎస్‌ఎస్‌ఎం, ఎస్‌ఏఎం అని ఉన్నవాటిలో మోటారు లెన్సులోనే ఉంటుంది, దాన్ని తిప్పించడం ఈ కెమెరాకు రాదు. ఎక్కుతాయి గానీ ఫోకస్ మీ చేత్తో చేసుకోవాల్సిందే.

3. ఆన్ చేయండి, పైనున్న తెర చదవండి

మెయిన్ స్విచ్‌లో మామూలు ఆన్ ఒకటి, శబ్దపు అలల గుర్తున్న ఆన్ ఇంకొకటి ఉంటాయి. రెండోది పెట్టండి. ఫోకస్ కుదిరితే కెమెరా బీప్ అంటుంది. కొత్తగా వాడేవాళ్ళకు ఆ శబ్దం మంచి గురువు. పెళ్ళి మంటపంలో మాత్రం తీసేయండి, పంతులుగారు తల తిప్పి చూస్తారు.

పైనున్న ఎల్‌సీడీ తెర మూల నుంచి నల్లగా సిరా ఒలికినట్టు కనిపించవచ్చు. ఈ కాలపు కెమెరాల్లో అది మామూలే. అంకెలు కనబడుతున్నంత కాలం వాడుకోవచ్చు. అంకెలనే మింగేసి ఉంటే కొనకండి. ఇంట్లోదే అయితే వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లోపల కనిపించే అంకెలతో నెట్టుకురావచ్చు.

మోడ్ బటన్ నొక్కి పట్టుకుని, పైకీ కిందికీ బాణాలున్న మీటలను కదిపితే పి, ఎ, ఎస్, ఎం మారతాయి. పి అంటే అన్నీ కెమెరా చూసుకుంటుంది. ఎ అయితే అపర్చర్ మీది, షట్టర్ (రీలు మీద వెలుగు ఎంతసేపు పడాలో తేల్చే తెర) దానిది. ఎస్ అయితే తలకిందులు. ఎం అయితే రెండూ మీవే: షట్టర్ వేగానికి పైనున్న మీటలు, అపర్చర్‌కు లెన్సు పక్కనున్న మీటలు. లెన్సు మీద అపర్చర్ రింగు లేదేమిటని వెతక్కండి. ఈ లెన్సులకు అది లేదు.

4. ఆటోఫోకస్ పరీక్ష

లెన్సు పక్కన ఏఎఫ్, ఎం అని చిన్న స్విచ్ ఉంటుంది. ఏఎఫ్ వైపు పెట్టి, కిటికీ ఊచల వైపు తిప్పి, షట్టర్ బటన్ సగం నొక్కండి. జుయ్ మని మోటారు తిరిగి లోపల పచ్చ చుక్క వెలగాలి. ఎర్ర బాణం వెలిగితే ఫోకస్ ఆ వైపుకు జరగాలని అర్థం. రెండు ఎర్ర బాణాలూ మిణుకుమంటే "నాకు తెలియడం లేదు" అంటోందన్నమాట.

ఇప్పుడు టేపు తీయండి. గోడకు తగిలించిన క్యాలెండరుకు సరిగ్గా రెండు మీటర్ల దూరంలో కెమెరాను స్టూలు మీద పెట్టి ఫోకస్ చేయించి, లెన్సు మీది దూరం అంకె చూడండి. చేత్తో మూసి ఫోకస్ చెడగొట్టి మళ్ళీ చేయించండి. ఇలా ఐదుసార్లు. ఐదుసార్లూ దాదాపు ఒకేచోట, 2 దగ్గర ఆగితే ఆటోఫోకస్ భేషుగ్గా ఉంది. తర్వాత మేడెక్కి దూరంగా ఉన్న వాటర్ ట్యాంకు మీద పెడితే అనంతం గుర్తు దాకా వెళ్ళాలి.

"కెమెరా ఆన్ అవుతోంది గానీ క్లిక్ కావడం లేదు." ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇది, ఇందులో చాలాసార్లు రోగమే ఉండదు. ఏఎఫ్‌లో ఉన్నప్పుడు ఫోకస్ కుదరనిదే ఈ కెమెరా షట్టర్ వదలదు. తెల్ల గోడ మీదో, చీకటి గదిలోనో పెట్టి నొక్కుతుంటారు, అది మొండికేస్తుంది. స్విచ్‌ను ఎం వైపు జరపండి. క్లిక్‌మంటే కెమెరా బాగుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఇప్పటి కెమెరాల్లా దీనికి వందల ఫోకస్ పాయింట్లు లేవు. నట్టనడుమ ఒక్కటే కన్ను, అదీ అడ్డంగా పడుకున్న గీత. అందుకే నిలువు గీతలను చక్కగా పడుతుంది, అడ్డగీతలు దానికి కనబడవు. గుడి మెట్లు, అడ్డంగా పరిచిన చీర అంచు, కిటికీ బ్లైండ్లు చూపిస్తే ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. విరుగుడు సులువు: కెమెరాను నిలువుగా తిప్పి, సగం నొక్కి ఫోకస్ పట్టించి, ఆ వేలు వదలకుండానే మళ్ళీ అడ్డంగా తిప్పి తీయండి. మనిషి ఫ్రేములో పక్కకు ఉండాలన్నా ఇదే పద్ధతి: ముందు ముఖాన్ని నడుమకు తెచ్చి సగం నొక్కు, తర్వాత ఫ్రేము సర్దడం, చివర పూర్తి నొక్కు. (ఈ ఒక్క కన్ను మినోల్టాను కోర్టుకు కూడా ఈడ్చింది. ఆటోఫోకస్ పేటెంట్లు తమవని హనీవెల్ కంపెనీ కేసు వేస్తే, 1992లో మినోల్టా 127.5 మిలియన్ డాలర్లకు రాజీపడాల్సి వచ్చింది.)

జాగ్రత్త: ఏఎఫ్‌లో ఉండగా ఫోకస్ రింగును చేత్తో తిప్పకండి. లెన్సు ఊడదీస్తే కనిపించే లోహపు చట్రంలో స్క్రూడ్రైవర్ మొనలాంటిది ఉంది చూడండి, అది మోటారు నుంచి లెన్సులోని గేర్లను తిప్పుతుంది. మీరు ఒకవైపు, అది ఇంకోవైపు లాగితే గేరు పళ్ళు అరుగుతాయి. చేత్తో తిప్పాలంటే ముందు స్విచ్ ఎం వైపు జరపాలి.

5. అపర్చర్ పరీక్ష: దీన్ని మాత్రం వదలకండి

ఫోకస్ స్విచ్ ఎం. మోడ్ కూడా ఎం. షట్టర్ 1 సెకను. అపర్చర్ 22. కెమెరాను మీ ముఖం వైపు తిప్పుకుని, లెన్సులోకి నేరుగా చూస్తూ నొక్కండి. అద్దం పైకి లేచి, సెకనుపాటు లెన్సు మధ్యలో చిన్న రంధ్రం కనిపిస్తుంది, పెసరగింజ కన్నా చిన్నది. మళ్ళీ తెరుచుకుంటుంది.

ఇప్పుడు అపర్చర్ 8 చేసి నొక్కండి. రంధ్రం స్పష్టంగా పెద్దదవ్వాలి. తర్వాత 5.6, తర్వాత 4. ఒక్కో మెట్టుకూ పెరుగుతూ పోవాలి.

ఏది పెట్టినా అదే పెసరగింజ కనిపిస్తే దొంగ దొరికాడు.

సంగతేమిటంటే, మీరు నొక్కగానే లోపల ఒక మీట వదులై అపర్చర్ మూసుకోవడం మొదలవుతుంది. కావలసిన చోట చిన్న విద్యుదయస్కాంతం ఒకటి దాన్ని ఆపాలి. ఏళ్ళ తరబడి పడి ఉన్న కెమెరాల్లో ఆ అయస్కాంతపు ముఖం జిగటెక్కి ఆలస్యంగా వదులుతుంది. ఈలోగా అపర్చర్ అడుగంటా మూసుకుపోతుంది. వెలుగు కొలిచే మీటరు సరిగానే లెక్క వేస్తుంది, షట్టర్ సరిగానే పడుతుంది, ఫోటో మాత్రం చీకటి. ఎఫ్/4 అని నమ్మి తీసిన ఫోటోకు ఎఫ్/22 వెలుగే అందుతుంది, అంటే ఐదు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకూ వెలుగు సగమవుతుంది), ముప్పై రెండో వంతు. నా మొదటి 7000తో రెండు రీళ్ళు ఇలాగే పోగొట్టుకున్నాను. కడిగిన స్టూడియోవాళ్ళనే తప్పుపట్టి, వాళ్ళతో పోట్లాడి మరీ వచ్చాను. తర్వాత ఒక సాయంత్రం ఊరికే లెన్సులోకి చూస్తూ నొక్కితే అసలు విషయం కనబడింది. వాళ్ళకు క్షమాపణ చెప్పడానికి మిఠాయి పొట్లంతో వెళ్ళాల్సి వచ్చింది.

దీనికి మూడు దారులున్నాయి.

ఒకటి: వరుసగా నలభై యాభై సార్లు క్లిక్‌మనిపించి మళ్ళీ చూడండి. కొన్నిటికి కదలిక వస్తుంది. వారం పక్కన పెడితే మళ్ళీ పట్టేస్తే ఇది తాత్కాలికమే.

రెండు: మెకానిక్. ఆ అయస్కాంతపు ముఖాన్ని శుభ్రం చేస్తే సమస్య తీరుతుంది గానీ, అక్కడికి చేరాలంటే కెమెరా విప్పాలి. ఇంట్లో ప్రయత్నించమని నేను చెప్పను. మెకానిక్ దగ్గర "అపర్చర్ అయస్కాంతం జిగటెక్కింది" అని ఆ మాటే చెప్పండి. "ఫోటోలు నల్లగా వస్తున్నాయి" అంటే మీటరు మీద పడతాడు.

మూడు, ఖర్చులేనిది: రోగంతోనే కాపురం. ఎ మోడ్‌లో అపర్చర్ 22కి పెట్టి అక్కడే వదిలేయండి. అది ఎలాగూ 22కే వెళుతోంది, మీటరు కూడా 22కే లెక్క వేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ (రీలుకు అందే వెలుగు మోతాదు) సరిపోతుంది. మన ఎండలో 400 రీలుకు ఎఫ్/22 దగ్గర సుమారు 1/200 వస్తుంది, చేత్తో హాయిగా తీయొచ్చు. వెనకాల మసకగా రాదు, ఇంట్లో పనికిరాదు. పొలాలకు, గుళ్ళకు, జాతరలకు మాత్రం సరిపోతుంది.

ఒక మెలిక: కొన్నిసార్లు తప్పు కెమెరాది కాదు, లెన్సుది. అపర్చర్‌ను మూసే సన్నటి ఆకుల మీద నూనె మెరుస్తుంటే అవి అంటుకుని నెమ్మదిగా మూసుకుంటాయి. లెన్సు ఊడదీసి, వెనకనున్న చిన్న మీటను వేలితో కదపండి. ఆకులు టక్కున కదిలితే లెన్సు బాగుంది. బద్ధకంగా కదిలితే లెన్సునే బాగుచేయించాలి. ఇంకో లెన్సు అరువు తెచ్చి పెట్టి చూస్తే తేలిపోతుంది.

6. షట్టర్

వెనక తలుపు తెరిచి, లెన్సును కిటికీ వైపు పెట్టి, తలుపు వైపు నుంచి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. వీడియోను ఫ్రేము ఫ్రేముగా జరిపితే 1/30 దగ్గర వెలుగు సుమారు 8 ఫ్రేముల్లో, 1/60 దగ్గర 4 ఫ్రేముల్లో కనిపించాలి. ఒకటి అటూ ఇటూ అయినా పరవాలేదు. దీని పై వేగం 1/2000. దాన్ని ఇలా కొలవలేం, కానీ తెల్లటి ఆకాశం వైపు పెట్టి చూస్తే తళుక్కున ఒక మెరుపు నిండుగా కనబడాలి. ఇవన్నీ పగటి వెలుతురులోనే చేయండి. ఎల్ఈడీ బల్బులు మనకు తెలియకుండా మిణుకుతూ లెక్క తప్పిస్తాయి.

షట్టర్ ఆకులను వేలితో గానీ, గుడ్డతో గానీ, ఊదే డబ్బాతో గానీ ముట్టుకోవద్దు. ఎంత దుమ్ము కనిపించినా సరే.

తలుపు తెరిచారు కాబట్టి అంచుల్లోని నల్ల స్పాంజి కూడా చూడండి. వేలికి తారులా అంటితే మార్పించాలి. అప్పటిదాకా తలుపు అంచుల మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేసినా పని నడుస్తుంది.

7. మీటరు

ఐఎస్‌ఓ 200, ఎ మోడ్, అపర్చర్ 16 పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో పచ్చగడ్డి మీదో తారురోడ్డు మీదో ఫ్రేము నింపి సగం నొక్కండి. షట్టర్ 1/200కు అటూ ఇటూగా చూపిస్తే మీటరు బాగుంది. తెల్ల గోడ మీద చూసి "మీటరు తప్పు" అనకండి. తెలుపును చూస్తే ఏ మీటరైనా వెలుగు ఎక్కువుందనే చెబుతుంది. తేడా ప్రతిచోటా ఒకేలా, ఒక స్టాపు దాకా ఉంటే ఎక్స్‌పోజర్ సవరణ బటన్‌తో సర్దుకోవచ్చు. ఒక్కోసారి ఒక్కోలా చూపిస్తే మాత్రం కష్టమే.

8. ఇప్పుడు రీలు వేయండి

నీడలోకి వెళ్ళండి. తలుపు తెరిచి, డబ్బా ఎడమ గదిలో పెట్టి, రీలు కొసన బయటికున్న నాలుకను కుడివైపునున్న ఎర్ర గుర్తు దాకా లాగండి. సరిగ్గా దాని దాకానే. ఎక్కువ లాగితే ఉబ్బుతుంది, తక్కువైతే పట్టుకోదు. రీలు అంచు రంధ్రాలు పళ్ళ చక్రం మీద కూర్చున్నాయో లేదో చూసి తలుపు మూయండి. మోటారు దానంతటదే తిరిగి తెర మీద 1 వస్తుంది. 1 రాకపోతే తెరిచి మళ్ళీ వేయండి, బతిమాలుతూ ముందుకు పోకండి.

రీలు డబ్బా మీద గళ్ళ గళ్ళ వెండి, నలుపు ముద్ర ఉంటుంది. అది 1983లో కొడాక్ తెచ్చిన డీఎక్స్ కోడ్. కెమెరా దాన్ని తాకి ఐఎస్‌ఓ తెలుసుకుంటుంది. పెద్ద చుట్టలోంచి కత్తిరించి చిన్న డబ్బాల్లో చుట్టి అమ్మే రీళ్ళకు ఆ ముద్ర చాలాసార్లు ఉండదు. అప్పుడు ఐఎస్‌ఓ బటన్‌తో మీరే పెట్టాలి. సినిమా రీలును ఇలా చుట్టి అమ్ముతుంటే వెనకవైపు నల్ల పూత ఉందా, ఏ ప్రాసెస్‌లో కడగాలి అని అమ్మేవాణ్ణే అడగండి. ఆ పూత ఉన్నదాన్ని మామూలు కలర్ ల్యాబ్‌కు ఇస్తే వాళ్ళ రసాయనాలు పాడవుతాయి, మీ పేరు కూడా.

రీలు మధ్యలో సెల్లు మార్చకుండా చూసుకోండి. జ్ఞాపకానికి లోపల చిన్న లిథియం సెల్లు ఒకటి ఉంది, ఇన్నేళ్ళకు అది నిండుకుని ఉంటే ఫ్రేముల లెక్క, ఐఎస్‌ఓ మరిచిపోతుంది.

9. మొదటి రీలు పరీక్షకే

ఇది పాపాయి మొదటి పుట్టినరోజుకు వాడకండి. ప్రతి ఫ్రేముకూ నోటు పుస్తకంలో ఒక గీత రాయండి.

మొదటి ఆరు ఫ్రేములు: ఎ మోడ్‌లో, నీడలో ఉన్న ఒకే గోడను 4, 5.6, 8, 11, 16, 22 దగ్గర తీయండి. ఎండలో చేస్తే 4 దగ్గర 1/2000 కూడా చాలదు, అందుకే నీడ. 22 దగ్గర షట్టర్ నెమ్మదిస్తుంది కాబట్టి కెమెరా స్టూలు మీదే ఉండాలి.

తర్వాత ఒక వార్తాపత్రికను గోడకు అంటించి, లెన్సు పూర్తిగా తెరిచి, మూడు దూరాల నుంచి ఆటోఫోకస్‌తో తీయండి. మిగతావి మీ ఇష్టం. ఎండ, నీడ, ఎదురు వెలుగు, పరిగెత్తే కుక్క. దీని మోటారు సెకనుకు సుమారు రెండు ఫ్రేములే తీస్తుంది, ఆ కుక్క మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

ఫ్లాష్ పెట్టాలనుకుంటే 1/100 కన్నా వేగం దాటకూడదు. ఇంట్లో పడి ఉన్న పాత స్టూడియో ఫ్లాష్‌ను మాత్రం చూడకుండా తగిలించవద్దు. అలాంటివాటిలో కొన్నిటి ట్రిగ్గర్ వోల్టేజి (ఫ్లాష్ నుంచి కెమెరా స్పర్శకు వచ్చే వోల్టేజి) 200 దాటుతుంది, కెమెరాలోని ఎలక్ట్రానిక్స్ ఒక్క దెబ్బకు పోతాయి. మల్టీమీటరుతో కొలిపించండి. మినోల్టా వాళ్ళ 2800ఏఎఫ్ గానీ 4000ఏఎఫ్ గానీ దొరికితే అన్నిటికన్నా మేలు. చీకట్లో ఫోకస్ కుదరడానికి వాటిలో ఎర్ర దీపం కూడా ఉంటుంది, కెమెరాలో అది లేదు.

10. రీలు తీయడం

36 అయ్యాక మోటారు ఆగిపోతుంది. ఈ మోడల్ తనంతట తాను వెనక్కి చుట్టదు. ఆర్ అని ఉన్న బటన్ నొక్కి, రీవైండ్ మీటను జరపాలి. గరగరమని తిరిగి, ఆ శబ్దం పూర్తిగా ఆగి, తెర మీద రీలు గుర్తు పోయాకే తలుపు తెరవండి. మధ్యలో సెల్లు చచ్చిపోతే కంగారుపడి తెరవకండి. కొత్త సెల్లు వేసి మళ్ళీ అదే చేయండి.

విదేశాల నుంచి రీళ్ళు తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట: విమానాశ్రయాల్లో కొత్తగా వచ్చిన సీటీ స్కానర్లు రీళ్ళను పాడుచేస్తాయి. పారదర్శక సంచిలో పెట్టి, చేత్తో తనిఖీ చేయమని అడగండి. చెక్-ఇన్ సామానులో మాత్రం ఎప్పుడూ వేయకండి.

11. నెగిటివ్‌లు చూడండి, స్కాన్‌లు కాదు

ల్యాబ్‌వాళ్ళు స్కాన్‌లు పంపి నెగిటివ్‌లు తర్వాత చూద్దామంటే ఒప్పుకోకండి. స్కానర్ చీకటి ఫోటోను వెలిగిస్తుంది, వెలుగు ఎక్కువైనదాన్ని తగ్గిస్తుంది. కెమెరా చేసిన తప్పును అది కప్పిపుచ్చుతుంది. నెగిటివ్‌ను కిటికీకి ఎత్తి పట్టుకుని ఇలా చదవండి.

- మొదటి ఆరు ఫ్రేములూ ఒకే చిక్కదనంతో ఉంటే అపర్చర్ బాగుంది. 4 దగ్గర దాదాపు ఖాళీగా ఉండి 22 వైపు పోయేకొద్దీ చిక్కబడితే, ఐదో అంచెలో చెప్పిన రోగమే.
- ఫ్రేములు ఖాళీ, కానీ అంచున కంపెనీ పేరు, అంకెలు స్పష్టంగా ఉన్నాయి: కడగడం సరిగ్గానే జరిగింది. రీలు కెమెరాలో తిరగలేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు.
- అంచు అంకెలు కూడా లేవు: అది కడిగిన చోట జరిగిన పొరపాటు. మిఠాయి పొట్లం అవసరం లేదు.
- ఫ్రేము దాటి అంచు రంధ్రాల దాకా నల్లటి మరక పాకింది: తలుపు దగ్గర వెలుగు కారుతోంది. స్పాంజి మార్పించండి.
- ఫ్లాష్ ఫోటోల్లో ఒక పక్క అడ్డంగా ఖాళీ: వేగం 1/100 దాటింది. ఫ్లాష్ లేకుండా కూడా అలాగే ఉంటే షట్టర్ ఆకులు తడబడుతున్నాయి.
- ఒక ఫ్రేము మీదికి ఇంకొకటి ఎక్కింది: రీలు లాగే భాగంలో లోపం. కొత్త సెల్లతో ఇంకోసారి చూసి, అప్పుడు మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.
- పత్రిక అక్షరాలు మూడు దూరాల్లోనూ మసక, కానీ గోడ ఫోటోలు బాగున్నాయి: లెన్సును మార్చి చూడండి.

మీ చేతిలో ఉన్నది 7000 కాకపోతే

పద్ధతి ఇదే, చూడాల్సిన చోటు మారుతుంది. 1987 నాటి కెనాన్ ఈఓఎస్ 650 అయితే ముందు షట్టర్ ఆకులు చూడండి. లోపలి రబ్బరు కరిగి నల్ల జిగురుగా వాటి మీదికి కారడం దాని పుట్టు రోగం. దాని సెల్లు 2సీఆర్5, ఊళ్ళో కిరాణా కొట్లో దొరకదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులన్నీ ఎక్కడం మాత్రం దాని అదృష్టం, ఈఎఫ్-ఎస్ లెన్సులు ఎక్కవు. 1988 నాటి నికాన్ ఎఫ్-801 అయితే గడియారం సెల్లు నాలుగు చాలు, షట్టర్ 1/8000 దాకా వెళుతుంది. మోటారు లెన్సులోనే ఉన్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు అది ఫోకస్ చేయలేదు, అపర్చర్ రింగు లేని జి లెన్సులతో పి, ఎస్ మోడ్‌లే పనిచేస్తాయి. ఈ మూడింటిలో ఒకటి డబ్బు పెట్టి కొనాల్సివస్తే నేను నికాన్ కొంటాను. బీరువాలో ఊరికే దొరికితే మినోల్టానే వాడతాను.

పరీక్షలన్నీ అయ్యాక తోలు కేసులో తిరిగి పెట్టకండి, అది తేమను పీల్చుకుని బూజుకు ఇల్లవుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. సెల్లు తీసేయండి. నెలకోసారి సెల్లు వేసి, ఎఫ్/4 దగ్గర ఇరవై సార్లు క్లిక్‌మనిపించి, లెన్సులోకి చూడండి.